సగం కాలిన రొట్టె

జూన్ 2, సోమవారం

చర్మం డాక్టరమ్మ రాసుకోమంది. కొత్త మచ్చ ఎప్పుడు, ఎక్కడ కనబడింది, పాతది ఎంత పెరిగింది, అన్నీ. దీనికోసం పుస్తకం కొనడం దండగని ఫోన్లోనే కొడుతున్నాను. సరే. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, కణుపుల మీద తెల్లగా. ఎడమ బొటనవేలి మొదట్లో గింజంత. మణికట్టు దగ్గర ఇంకోటి, అది కొత్తది. అంటుకునే జబ్బు కాదట. ప్రాణానికి ఏం కాదట. తగ్గితే తగ్గుతుందట, లేకపోతే లేదట. ఎండలోకి వెళ్తే క్రీం రాసుకోవాలట. ఇంతే చెప్పింది గానీ, చెప్పినంతసేపూ నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈమధ్య ఎవరూ అలా పట్టుకోలేదు. మంచి మనిషి.

వాచీల కొట్లో కనబడేవి చేతులే. నా మొహం ఎవరు చూస్తారు? వాచీ తీసి గాజుపలక మీద పెడితే ముందు వాచీని చూస్తారు, తర్వాత దాన్ని పట్టుకున్న వేళ్ళని. నిన్న ఒకావిడ చిల్లర నా చేతిలోంచి తీసుకోకుండా పలక మీద పెట్టమంది. పాపం ఆవిడ చేతుల్లో సంచులున్నాయి. రెండు చేతుల్లోనూ ఉన్నాయనుకుంటా.

వచ్చేటప్పుడు తెల్ల నూలు గ్లౌజులు కొన్నాను. పెద్ద షోరూముల్లో అందరూ వేసుకుంటారు. వాచీ మీద వేలిముద్రలు పడవు. అందుకే కొన్నాను.

జూన్ 3, మంగళవారం

గ్లౌజులు బాగున్నాయి.

జూన్ 4, బుధవారం

పక్క కొట్టు కళ్ళద్దాల వదిన పొద్దున్నే గుమ్మంలో నిలబడి తన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మరీ చూసింది.

"ఏం వదినా, వాచీలు బాగుచేస్తున్నావా, కాన్పులు చేస్తున్నావా?"

"అందరూ నీలా వేలిముద్రలేసి అమ్మరు" అన్నాను.

"నేను తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇస్తాను. నువ్వేమిస్తావ్, బారసాల భోజనమా?"

దీని నోటికి తాళం లేదు. నవ్వుకున్నాం. చేతులకేమైందని మాత్రం అడగలేదు. దానికి అన్నీ కనబడతాయి, అందరి కళ్ళూ చూసే మనిషి. అడగలేదు. థాంక్సు వదినా.

గ్లౌజుల మహిమ ఇంతింత కాదు. సెల్లు మార్పించుకునే పెద్దాయన గుమ్మం దగ్గరే ఆగి, "రేట్లు పెంచారా?" అన్నాడు. లేదన్నా నమ్మడే. బయటికెళ్ళి బోర్డు చదువుకుని వచ్చాడు. ఇంకొకతను "మీ దగ్గర పాత రాజుల వాచీలేమైనా ఉంటాయా మేడమ్" అన్నాడు. మేడమ్! మొన్నటిదాకా "ఏమ్మా, సెల్లుందా" అనేవాళ్ళే. లోపల్నించి మా ఆయన నవ్విన చప్పుడు వినబడింది. ఆయన నవ్వితే రాసిపెట్టుకోవాల్సిందే. మా కొట్టు పద్ధతే అంత. ఆయన లోపలి గదిలో మెషిన్లతో మాట్లాడతాడు, నేను బయట మనుషులతో మాట్లాడతాను. మధ్యలో ఒక కర్టెన్.

జూన్ 6, శుక్రవారం

గ్లౌజులతో స్ట్రాపు పిన్ను పట్టడం కుదరదు. జారిపోతుంది. ఒక పాపకి చిన్న వాచీ అమ్ముతూ, పిన్ను కోసం ఒక్క నిమిషం కుడిచేతి గ్లౌజు తీశాను. పాప నా వేలు పట్టుకుని, "ఇక్కడ మేఘం" అంది. వాళ్ళమ్మ పాప చెయ్యి వెనక్కి తీసుకుంది. గట్టిగా లాగలేదు. మామూలుగానే తీసుకుంది.

కొన్నాళ్ళు లోపల కూర్చోమన్నాడు ఆయన. తను కౌంటర్ చూసుకుంటాడట. నాకూ ఎండ తగలదు. సర్వీసు పని నాకూ వచ్చు కదా, పెళ్ళైన కొత్తలో ఆ బల్ల మీదే నేర్చుకున్నాను. ఆలోచిస్తే ఇదే బాగుంది.

జూన్ 7, శనివారం

నిజానికి ఆయన అనలేదు. నేనంటే సరేనన్నాడు.

లోపల చల్లగా ఉంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

జూన్ 9, సోమవారం

కౌంటర్లో ఆయన ఎలా అమ్ముతున్నాడో వింటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. "ఇది వాటర్‌ప్రూఫా?" అంటే "రాసుందిగా" అంటాడు. "ఏ రంగు బాగుంటుంది?" అంటే "మీ ఇష్టం." ఇంకా నయం, "కొంటే కొనండి" అనలేదు. కర్టెన్ వెనక నేను నోరు నొక్కుకుని కూర్చున్నా.

మధ్యాహ్నం ఒక పాత వాచీ లోపలికొచ్చింది. చీటీ మీద ఆయన రాసింది ఒక్క మాట: సర్వీసు. ఎవరిచ్చారు, ఏమన్నారు అంటే, "ఒక పెద్దాయన. ఆగిపోయిందన్నాడు" అన్నాడు. అంతే. నేనైతే ఆయన పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగి ఉందును.

విప్పి చూశాను. మెషిన్ బంగారం. నూనె గడ్డకట్టి ఆగింది తప్ప రోగమేమీ లేదు. ఎటొచ్చీ డయలే, పాపం. నల్ల డయల్. ఏడు నుంచి పదకొండు దాకా రంగు పోయి టీ రంగుకి తిరిగింది. మిగతా సగం నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో వంకరగా ఒక గీత. రేడియం చుక్కలు కూడా ఒక పక్కే పసుపెక్కాయి. గాజు మీద గంటు. మొత్తం వాచీ బాగుండి మొహం ఇలా అయితే ఏం పెట్టుకుంటాడు, ఎవరికి చూపిస్తాడు?

మనవైపు నుంచి కొత్త రంగు వేయించి ఇద్దాం. అడక్కుండా చేస్తే ఆ పెద్దాయన మొహం ఎలా వెలిగిపోతుందో!

జూన్ 10, మంగళవారం

డయళ్ళకి రంగులేసే బ్రష్షు మామయ్య వచ్చాడు. ప్రతి మంగళవారం వచ్చి పాడైన డయళ్ళు పట్టుకెళ్తాడు. టీ డయల్ కూడా డబ్బాలో పెట్టి కర్టెన్ సందులోంచి ఇచ్చేశాను. "ఏంటమ్మా, లోపల దాక్కున్నావ్?" అన్నాడు. పని ఎక్కువుందన్నాను.

మనసు తేలిగ్గా ఉంది. ఒకరికి మంచి చేస్తే ఇంతే.

జూన్ 12, గురువారం

ఇప్పుడు రాయలేను. చెయ్యకూడని పని చేశాను. మామయ్య ఫోన్ ఎత్తడం లేదు. వెళ్తున్నాను.

జూన్ 13, శుక్రవారం

నిన్నటిదంతా రాస్తాను. ఆయన భోజనానికి వెళ్ళాడు, కొట్టు ఖాళీ.

నిన్న పదకొండింటికి ఆ వాచీ పెద్దాయన వచ్చాడు. ఖాకీ చొక్కా, ఫుల్ చేతులు, కఫ్ గుండీలు కూడా పెట్టుకున్నాడు. మా వీధి చివర స్టాండు నుంచి కదిలే బస్సుకి డ్రైవరట. కర్టెన్ సందులోంచి చూస్తున్నా.

"అయిందా బాబూ? సోమవారం నా ఆఖరి డ్యూటీ. అది చేతికి లేకుండా స్టీరింగ్ పట్టుకుంటే ఎవరి బస్సో నడుపుతున్నట్టుంది."

"శనివారం ఇస్తాం" అన్నాడు మా ఆయన. మా ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

"ఒక్క మాట. లోపల ఏదైనా మార్చు గానీ డయల్ జోలికి వెళ్ళకు. మొన్నే చెబుదామనుకున్నా, నువ్వు చీటీ రాసేసి చేతిలో పెట్టేశావ్, ఇంక మాట పెగల్లేదు. మా ఆవిడ దాన్ని సగం కాలిన రొట్టె అంటుందిలే. పెట్టుకున్నప్పుడల్లా రొట్టె తీసుకెళ్తున్నావా అంటుంది. అది నా కిటికీ ఎండ బాబూ. కుడిచెయ్యి కిటికీ మీద ఉంటుంది కదా, డయల్ సగం కఫ్ కింద, సగం ఎండలో. ఆ వంకర గీత నా కఫ్ అంచు. గాజు మీద గంటు చూశావా? మా అమ్మాయి పుట్టిందని డిపోలో కబురొస్తే ఆదరాబాదరాగా దిగబోయి తలుపుకి కొట్టుకున్నా. కొత్త వాచీ డిపోవాళ్ళు ఎలాగూ ఇస్తారు. అదెవరికైనా ఉంటుంది. ఇది నాదే."

వెళ్ళిపోయాడు. మా ఆయన కర్టెన్ తీసి నా వంక చూశాడు. బల్ల మీద మెషిన్ ఉంది, ముళ్ళు ఉన్నాయి, కేసు ఉంది. డయల్ లేదు.

"మామయ్యకిచ్చావా?"

తల ఊపాను. తిడితే బాగుండేది. పర్సు తీసి నా చేతిలో పెట్టి, "వెళ్ళు" అన్నాడు.

మామయ్య ఇల్లు ఊరి ఆ చివర. గ్లౌజులు తగిలించుకుని స్టాపుకి పరిగెత్తి, వచ్చిన మొదటి బస్సే ఎక్కాను. ఎక్కాక చూస్తే డ్రైవరు సీట్లో ఆ పెద్దాయనే. ఇంకేం చేస్తాను, ఆయన వెనకే ఖాళీ ఉంటే కూర్చున్నాను. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

కుడిచెయ్యి కిటికీ మీద. వాచీ లేని మణికట్టు. వాచీ ఉండాల్సిన చోట చర్మం తెల్లగా, గుండ్రంగా, కింద స్ట్రాపు పట్టీ కూడా తెల్లగా. కఫ్ బయట చెయ్యంతా కాలిన నలుపు. స్టాపు వచ్చినప్పుడల్లా అక్కడ టైం చూడబోతాడు, ఏమీ ఉండదు, నవ్వుకుంటాడు. సిగ్నల్ పడితే నేను లేచి నిలబడుతున్నా, అలా అయితే బస్సు ముందుకెళ్తుందన్నట్టు.

"కూర్చో అమ్మాయ్, నువ్వు తోసినా ఇది కదలదు" అన్నాడు అద్దంలోంచి. "చేతులకేమైంది? కాలాయా?"

"ఆ... కొంచెం."

"మా ఆవిడకీ ఓసారి నూనె పడింది. గాలి తగలనివ్వు, ఇలా కట్టేస్తే మానదు."

నాకు ఏడుపొచ్చింది. ఈయన వాచీని పాడుచేసి, ఈయన బస్సులో, ఈయన చేతే అయ్యో అనిపించుకుంటూ కూర్చున్నాను.

మామయ్య ఇంటి మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద పాత రంగు తీసే మందు గిన్నె, గిన్నె పక్కన రంగు ఊడదీసిన డయళ్ళు, ఇత్తడి ఇత్తడిగా వరసలో. పక్కన మంచం మీద మామయ్య గురక.

"మామయ్యా! టీ రంగు డయలేది?"

ఉలిక్కిపడి లేచాడు. "ఏ టీ? నేను పెట్టలేదమ్మా, పాలు లేవు."

ఈ మనిషిని చూసి నవ్వాలా, కొట్టాలా? బల్లంతా వెతికితే గిన్నెకి ఇవతల, దూదిపుల్ల పక్కన ఉంది. ఉంది! ఆరు అంకె కింద మాత్రం బియ్యపు గింజంత రంగు పోయి లోపలి ఇత్తడి కనబడుతోంది.

"మొదలుపెట్టాను" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "ఇంతలో ఆవలింతొచ్చింది. ఒక్క కునుకు తీసి చేద్దాంలే అని పడుకున్నా. ఏం, తొందరా? ఇప్పుడే చేసిస్తా."

"వద్దు! వద్దు మామయ్యా! నువ్వు పడుకోవడమే నాకు కావాల్సింది."

ఆ కునుకుకి ఎన్ని దండాలు పెట్టినా చాలదు. ఇంకొంచెం చురుకైన మనిషైతే నా పని అయిపోయేది. డయల్ తీసుకోబోయాను. మామయ్య నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

"గ్లౌజులు తియ్. ఆ మందు తడి ఇంకా ఉంది, నూలు పోగు అంటుకుంటే ఉన్న రంగు కూడా ఊడొస్తుంది."

తీశాను. చూశాడు. నేను చేతులు కిందికి దించబోయాను. ఆయన తన రెండు చేతులూ చాపి నా చేతుల పక్కన పెట్టాడు. గోళ్ళ నిండా నలుపు, నీలం, అరచేతుల్లో ఎరుపు.

"నా చేతులకంటే శుభ్రంగానే ఉన్నాయి" అన్నాడు. "పట్టుకో. అంచులు మాత్రమే."

డయల్‌ని అంచులతో పట్టుకుని ఆరేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. పాలు లేని టీ ఇచ్చాడు. తాగాను.

జూన్ 13, మళ్ళీ

ఆయన భోజనం నుంచి వచ్చాడు. రేపు ఆ పెద్దాయనకి మీరే చెప్పండి, ఆ చుక్క సంగతి, అన్నాను. "నాకు మాటలు రావు" అన్నాడు. నిజమే. చెబితే "చుక్క పడింది" అని వాచీ చేతిలో పెడతాడు.

అన్నట్టు, మొన్న రాసింది కూడా సరిగ్గా లేదు. ఆయన సరేనని కూడా అనలేదు. నేను లోపల కూర్చుంటానంటే కాసేపు నిలబడి, నా కుషన్ తీసుకెళ్ళి లోపలి కుర్చీలో వేశాడు. అంతే. ఈ పొద్దున వచ్చి చూస్తే ఆ కుషన్ కౌంటర్ కుర్చీలో ఉంది. ఎప్పుడు పెట్టాడో.

జూన్ 14, శనివారం

వాచీ బిగించాను. ఒట్టి చేతులతోనే, పొద్దున్నే. ముళ్ళు ఎక్కించేటప్పుడు వేలి చివరికి తెలిసే ఆ చిన్న "టక్" గ్లౌజులో తెలీదు. కీ తిప్పగానే కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నా.

కౌంటర్లో కూర్చున్నాను. గ్లౌజులు సొరుగులో ఉన్నాయి. సొరుగు కొంచెం తీసే పెట్టుకున్నా. ఉన్నమాట రాయాలి కదా.

ఆ పెద్దాయన పన్నెండింటికి వచ్చాడు. వాచీ గుడ్డ మీద పెట్టి, తను చూసేలోపే చెప్పేశాను. లోపల కూర్చున్నది నేనని, అడక్కుండా డయల్ రంగుకి పంపానని, మంచి చేస్తున్నాననుకున్నానని, ఆరు కింద ఆ చుక్క నా వల్లేనని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆయన వాచీ తీసి వెలుగులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దీని మీద పడ్డవన్నీ వాటంతటవి పడ్డాయమ్మా" అన్నాడు. గొంతు గట్టిగా లేదు, దానికే భయమేసింది. "ఎండ కావాలని కాల్చలేదు. తలుపు కావాలని కొట్టలేదు. ఇదొక్కటి నువ్వు కావాలని చేసింది. బాగోలేదని నువ్వెట్లా అనుకున్నావ్? నన్నడిగావా?"

"అడగలేదు బాబాయ్ గారూ. అడగాలంటే కౌంటర్లోకి రావాలి. నేను... రావడం మానేశాను."

అప్పుడు నా చేతులు చూశాడు. గాజుపలక మీద రెండూ ఉన్నాయి, తీసేద్దామనుకున్నా గానీ తీయలేదు. చేతుల మీంచి మొహం మీదికొచ్చాడు.

"నువ్వు... బస్సులో గ్లౌజులమ్మాయివి కాదూ?"

"అవును."

"కాలాయన్నావ్."

"అబద్ధం చెప్పాను."

"సిగ్నల్ సిగ్నల్‌కీ లేచి నిలబడ్డావ్. ఎవరికో ఆస్పత్రిలో బాగోలేదేమో అనుకున్నా. రెండు పసుపు లైట్లు దాటేశాను నీ కోసం! దీనికోసమా?"

"దీనికోసమే. ఇంకొంచెం ఆలస్యమైతే అంతా పోయేది."

వాచీ చేతికి పెట్టుకున్నాడు. మణికట్టు మీద తెల్లటి గుండ్రం దాని కింద సరిగ్గా కూర్చుంది. కఫ్ లాక్కున్నాడు. అంచు వచ్చి గీత మీద ఆగింది. చెయ్యి అటూ ఇటూ తిప్పాడు.

"అయితే ఇది కావాలని పడింది కాదులే" అన్నాడు. "కావాలని చేసినదాన్ని ఆపడానికి పరిగెత్తిన రోజుది. నేనే తోలుకెళ్ళాను కాబట్టి నా వాటా కూడా ఉంది. దీన్ని సగం కాలిన రొట్టె అనే మా ఆవిడకేం చెప్పాలో తెలీట్లేదు."

"రొట్టె మీద నువ్వు గింజ అని చెప్పండి" అంది గుమ్మంలోంచి కళ్ళద్దాల వదిన. ఎప్పట్నించి వింటోందో!

ఆయన పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే. లోపల్నించి మా ఆయన నవ్వు కూడా వినబడింది. ఒకే నెలలో రెండుసార్లు!

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "సోమవారం నాలుగింటికి మీ కొట్టు ముందునుంచే వెళ్తా. ఆఖరి ట్రిప్పు."

జూన్ 16, సోమవారం

నాలుగు దాటాక వచ్చింది బస్సు. ముందు అద్దానికి రంగు కాగితాలు కట్టారు డిపోవాళ్ళు. హారన్ వీధంతా మోగింది. కొట్లవాళ్ళందరూ బయటికొచ్చారు. కిటికీలోంచి కుడిచెయ్యి బయటపెట్టి, మణికట్టు తిప్పి వాచీ చూపించాడు.

నేనూ చెయ్యెత్తి ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా ఊపాను. దించాక గుర్తొచ్చింది, క్రీం రాసుకోకుండా ఎండలోకి వచ్చానని.

జూన్ 20, శుక్రవారం

"ఏ రంగు బాగుంటుందమ్మా?" అందొకావిడ. ఇరవై నిమిషాలు మాట్లాడాను. కొంది. మా ఆయన లోపల హాయిగా పని చేసుకుంటున్నాడు, ఆయన కౌంటర్లో లేకపోవడం కొట్టు చేసుకున్న అదృష్టం.

మళ్ళీ ఒకతను చిల్లర పలక మీద పెట్టమన్నాడు. పెట్టాను. కొంచెం గుచ్చుకుంది. వదిన గ్లౌజులు అడిగి తీసుకెళ్ళింది, షో కేసు తుడుచుకోవడానికి.

జూన్ 30, సోమవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చేతులు మళ్ళీ అలాగే పట్టుకుని చూసింది. "రాసుకున్నారా? ఏదీ చూపించండి, ఎక్కడెక్కడ పెరిగాయో" అంది.

ఫోన్ తీసి పైనుంచి కిందిదాకా వెతికాను. మొదటి రోజు తప్ప ఇంకెక్కడా లేదు. వదిన మాటలు, పాప మేఘం, బస్సు, మామయ్య కునుకు, రొట్టె.

"రాశానండీ, రోజూ రాశాను" అన్నాను. "కానీ మచ్చల గురించి రాయడం మర్చిపోయాను."